మా సడ్డకుని పీట

తిరుపతిలో చానామంది నా పని మీదే కూర్చోనుంటారు. గొప్పకు చెప్పడం లేదు. ఆటోలకు, బైకులకు సీట్లు కుట్టే అంగడి నాది. ఏడో తరగతి సగంలో పుస్తకాలు వదిలేసి రెక్సిన్ గుడ్డ పట్టుకున్నాను. అప్పటినించీ జనం పిర్రల కింద మెత్తగా ఉండేటట్టు చూడడమే నా బతుకు. మా సడ్డకుడు మాత్రం జనం కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఒంట్లో చూస్తే పిర్రలు కాళ్ళ కన్నా పైనే ఉంటాయి కదా. ఆ లెక్కన నేనే ఆయన కంటే ఒక మెట్టు పైన. ఈ ముక్క ఎన్ని పెండ్లిళ్ళలో చెప్పినా జనం నవ్వినారే గానీ ఒక్కడూ ఒప్పుకోలేదు.

సడ్డకుడంటే తోడల్లుడు. మా మామకు ఇద్దరే కూతుర్లు. పెద్దామెను ఆయన చేసుకున్నాడు, చిన్నామెను నేను చేసుకున్నాను. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పోయినోళ్ళను గురించి రాసేటప్పుడు కండ్లనీళ్ళు పెట్టుకోని రాయాలంటారు. నేను కడుపుమంటతో రాస్తా ఉండాను. లేని కండ్లనీళ్ళు పెట్టుకోని రాస్తే ఆయనకే నచ్చదు.

నాకు కావలసింది పెద్దదేం కాదు. మా ఇంటామె నోటినించి ఒక్క మాట. 'మా బావ కంటే నువ్వు మేలు' అని. అంత వద్దులే, 'మా బావ మాదిరి' అన్నా చాలు. పెండ్లయిన రోజునించీ ఆ మాటకు కాచుకోనుండాను.

ఆ రోజునించీ అని ఊరికే అనలేదు. తాళి కట్టి ఇంకా పీట మీదనుంచి లేవలేదు, మా అత్త నా చెవి దగ్గరికి వంగింది. ఏదో ఆశీర్వాదం అనుకోని తల వంచినాను. "నాయనా, మీ అన్నను చూసి నేర్చుకో" అనింది. తల ఎత్తి చూస్తే మీ అన్న అనబడే ఆ మనిషి పందిట్లో వంగి, అన్నం తిన్న ఆకులు ఎత్తుతా ఉండాడు. పెద్దల్లుడు ఆకులు ఎత్తడమేంది, ఎవరైనా వద్దనాల కదా. ఎవరూ అనలేదు. అది ఆయనకు అలవాటంట.

ఆయనది నగరి. ఇంటి వెనక షెడ్డులో నాలుగు పవర్లూములు. నగరిలో యా వీధిలో నిలబడినా మగ్గాల టకటకే, దాంతో ఆ ఊర్లో అందరూ అరిచే మాట్లాడతారు. చీర బాగుండాది అని చెప్పినా కొట్లాటకు వచ్చినట్టుంటాది. ఆయనొక్కడే మెల్లగా మాట్లాడేవాడు. ఆయన నోరు తెరిస్తే వినబడాలని చుట్టూ ఉండేవాళ్ళు నోరు మూసుకుంటారు, తల ముందుకు పెడతారు. నేను ఒక జోకు వినిపించాలంటే గొంతు చించుకోవాల. ఆయన "అన్నం తిన్నావా అప్పా" అంటే చాలు, పదిమంది వంగి వింటారు. ఇంత సులువైన కిటుకు నాకెందుకు తట్టలేదని చానా రోజులు బాధపడినాను. ఒకసారి మా అంగట్లో నేనూ మెల్లగా మాట్లాడి చూసినాను. గొంతు బాగలేదా అని అడిగి, ఒకాయన శొంఠి తెచ్చిచ్చినాడు.

తెల్లవారకముందే లేచి చన్నీళ్ళు పోసుకుంటాడు. నామం పెట్టుకుంటాడు. దేవుని గూట్లో దీపం పెట్టినంకనే మగ్గం స్విచ్చి వేస్తాడు. శనివారం ఒక పూటే అన్నం. ముగ్గురు ఆడబిడ్డల్ని పెంచి, చదివించి, పెండ్లిళ్ళు చేసినాడు. ముగ్గురు అల్లుళ్ళూ ఆయన ముందర గట్టిగా దగ్గరు కూడా. మా ఇంట్లో నా కొడుకు నన్ను "ఏందబ్బా" అంటాడు.

మా మామ పోయినంక మా అత్తకు కాలూ చెయ్యీ పడిపోతే, ఆమెను తన ఇంటికి తెచ్చి పెట్టుకున్నాడు. మగ్గాల చప్పుడు ఆమెకు పడదని, ఆమె నిద్రపొయ్యే మధ్యాన్నం పూట మగ్గాలు ఆపేసేవాడు. ఆ షెడ్డులో పనిచేసేవాళ్ళకు ఆ పూట హాయి. నేనూ పోయి చూసేవాణ్ణి, పండ్లు పట్టుకోని పోయేవాణ్ణి. ఆమె నావైపు చూసి, "పెద్దాయన వచ్చినాడా" అని అడిగేది. ఆయన వచ్చి నోట్లో ముద్ద పెడితేనే మింగేది. నేను పెడితే నోరు తెరవదు. "అత్తా, ఇది కూడా అదే అన్నం, అదే రసం" అన్నాను ఒకసారి. మా వదిన, అంటే ఆయన ఇంటామె, పక్కనించి "ఆమెకు నీ చెయ్యి మీద నమ్మకం లేదప్పా, నువ్వు నవ్వించి పొలమారేటట్టు చేస్తావని భయం" అనింది.

ఇవన్నీ ఒక ఎత్తు, పెరటాసి నెల ఒక ఎత్తు.

మా వైపు ఉండేవాళ్ళకు చెప్పక్కరలేదు గానీ, తెలీనివాళ్ళకు చెప్తాను. పెరటాసి అంటే సెప్టెంబరు నడుమ మొదలయ్యే తమిళ నెల, దాంట్లో శనివారాలు కొండమీది స్వామికి ముఖ్యం. అది వచ్చిందంటే మద్రాసు వైపునించి తమిళోళ్ళు పసుపు గుడ్డలు కట్టుకోని, చెప్పులు లేకుండా, గోవింద చెప్పుకుంటా తిరుమలకు నడిచొస్తారు. తిరుత్తణి దాటి, నగరి మీదుగా, పుత్తూరు మీదుగా తిరుపతి. దారి పొడుగునా జనం పందిళ్ళు వేసి పులిహోర పెడతారు, మజ్జిగ పోస్తారు. మా సడ్డకుడు అన్నం పెట్టేవాడు కాదు. కాళ్ళు పట్టేవాడు.

దాని మొదలు ఆయనే చెప్పినాడు. పెండ్లయిన కొత్తల్లో ఒక పెరటాసిలో, ఒక ముసలామె నీళ్ళు కావాలని షెడ్డులోకి వచ్చిందంట. నీళ్ళు తాగి వెళ్ళినంక చూస్తే సిమెంటు నేల మీద ఆమె అడుగులు తడిగా అగపడినాయి. నీళ్ళేమో అనుకున్నాడంట. వంగి చూస్తే నెత్తురు. మగ్గం ఆపి ఆమె వెనకాల పరిగెత్తినాడు. అంతే. మరుసటేడు రోడ్డు పక్కన పందిరి వేసినాడు.

పని చూసేదానికి ఏమీ లేదు. వేడినీళ్ళలో ఉప్పు వేసి కాళ్ళు నానబెట్టాల. తుడవాల. అరికాలి బొబ్బను కత్తిరించకూడదు, చిదపకూడదు. ఉడకబెట్టిన సూదిలోకి రంగు వెయ్యని నూలుపోగు ఎక్కించి, బొబ్బకు ఈ పక్క గుచ్చి ఆ పక్క తీయాల. పోగును లోపలే వదిలెయ్యాల. ఆ పోగు పట్టుకోని నీరు మెల్లగా కారిపోతాది, పైతోలు అట్లే కాపుగా నిలబడతాది. ఆ పైన పసుపు కలిపిన కొబ్బరినూనె. అంతా అయినంక ఆయన వంగి, ఆ పాదానికి నుదురు ఆనించి, "గోవిందా" అని వదిలేవాడు. ముసలోళ్ళు, పడుచోళ్ళు, ఎవురైనా సరే. పసుపు గుడ్డ కట్టినవాళ్ళంతా ఆయనకు స్వాములే. ఆయన కూర్చునేది జానెడు ఎత్తు చెక్కపీట.

ఈ పని సూదితో కదా, నాకన్నా సూది తెలిసినోడు మా ఇంట్లో ఎవుడు? ఒక ఏడు నేనూ పోయినాను సాయానికి. మా ఇంటామె ఆడ పొయ్యి దగ్గర నీళ్ళు కాస్తా ఉండాది, చూస్తుంది కదా అని. జేబులోనించి నా సూది తీసినాను, రెక్సిన్ కుట్టే సూది. దాంట్లో నైలాన్ దారం ఎక్కించి సిద్ధంగా పెట్టుకోనున్నాను. నా ముందర కూర్చున్న మద్రాసు పిల్లోడు ఆ సూది చూసి కాలు వెనక్కి లాక్కున్నాడు. మా సడ్డకుడు తన పని మీదనించి తల ఎత్తకుండా, మెల్లగా, "ఇది ఆటో కాదప్పా" అన్నాడు.

పందిరంతా నవ్వు. నేను ఏండ్ల తరబడి చెప్పిన జోకులన్నీ ఒక పక్క, ఈ మూడు మాటలు ఒక పక్క. మా చుట్టాల్లో ఈ రోజుకీ యాడ శుభకార్యం జరిగినా ఎవడో ఒకడు "ఇది ఆటో కాదప్పా" అంటాడు, అందరూ నవ్వుతారు. బతుకంతా ఆయన చెప్పింది ఒకే జోకు. అది కూడా నా మీదే. నాకంటే బాగా.

ఆ మరుసటేడు నేను ఒక పని చేసినాను. ఆ జానెడు పీట మీద పొద్దంతా కూర్చుంటే నడుము పట్టేస్తుందని, మంచి ఫోము వేసి, ఎర్ర రెక్సిన్‌తో ఒక దిండు కుట్టినాను. అంచుకు సన్న తాడు మాదిరి తెల్ల పైపింగు కూడా పెట్టినాను. ఆయన దాన్ని రెండు చేతులా తీసుకున్నాడు, కండ్లకద్దుకున్నాడు. చూసినావా అని మా ఇంటామె వైపు తిరిగినాను. తిరిగి చూసేలోపల ఆ దిండు ఎదుటి కుర్చీలో ఉండాది. దాని మీద ఒక నడిచొచ్చిన స్వామి కూర్చోనుండాడు. మా సడ్డకుడు మళ్ళీ చెక్క మీదే. నా దిండు కూడా ఆయన పుణ్యం కిందికే పోయింది. ఆ స్వామి పైకి లేస్తా లేస్తా "చానా మెత్తగా ఉండాది అయ్యా, మీరు బాగుండాల" అని ఆయనకు దండం పెట్టినాడు.

ఇట్లా ఉండగా ఒక పెరటాసిలో పందిట్లో కూర్చోని మాటల్లో అడిగినాను. "అన్నా, ఇంతమందికి చేస్తా ఉండావే, నువ్వు ఎన్నిసార్లు కొండకు నడిచి పోయింటావు?"

"నేనా? నేను యాడ నడిచినానప్పా" అన్నాడు. "అందరూ నడిచేది ఈ నెలలోనే. ఈ నెలలో నేను ఈడుండాల కదా. మిగతా నెలల్లో బస్సుకే పోయొస్తాను."

ఆ పూట నాకు రెండు ముద్దలు ఎక్కువ దిగినాయి. ఆయన చేయని పని ఒకటుండాది ఈ లోకంలో. అది నేను చేస్తాను. మా ఇంటామె ఇంక ఏమంటాదో చూద్దామనుకున్నాను.

ఇంటికి పోయి చెప్తే, "నువ్వా? అంగడినించి ఇంటికి రావాలంటే ఆటో ఎక్కుతావే" అనింది.

"అది సీటు ఎట్లుండాదో చూసేదానికి ఎక్కుతాను. పనిలో భాగం."

"మా బావే పోలేదు, నువ్వు పోతావా."

ఇంక ఆగే ప్రశ్నే లేదు. మరుసటేడు పెరటాసి శనివారానికి ముందు తిరుత్తణికి బస్సులో పోయి, పసుపు పంచ కట్టుకోని, ఒక మద్రాసు గుంపులో కలిసినాను. మొదట్లో బాగానే ఉండాది. వాళ్ళకు తెలుగు సగం, నాకు తమిళం సగం, రెండు సగాలు కలిపి అందర్నీ నవ్విస్తా నడిచినాను. ఆంధ్రా బోర్డరు దాటినంక ఎండెక్కింది. తారు రోడ్డు పెనం మాదిరి కాలిపోతా ఉండాది. జోకులు అయిపోయినాయి. ఒక పెద్దాయన "ఏమప్పా, సద్దు లేదు" అని అడిగినాడు. నోరు తెరిస్తే ఏడుపొచ్చేటట్టు ఉండాది, తెరవలేదు.

నగరి పందిరి వచ్చేసరికి నేను మడమల మీద నడుస్తా ఉండాను. ఆ పందిరి తప్పించుకోని పోవాలనే అనుకున్నాను, నిజం. రోడ్డు ఆ పక్కకు కూడా దాటినాను. మా ఇంటామె పొయ్యి దగ్గరనించి చూసేసింది. "బావా, అదో చూడు ఎవరొస్తా ఉండారో" అనింది, నగరి మగ్గాలన్నీ ఆగి వినేటట్టు.

ఆయన తల ఎత్తినాడు. "రా స్వామీ, కూర్చో."

"అన్నా, నేనే."

"చూసినానప్పా. ఆ గుడ్డ కట్టినంక స్వామే. కూర్చో."

కూర్చున్నాను. నా దిండు మీదే. నిజంగానే మెత్తగా ఉండాది. ఆయన నా కాలు పట్టుకోని తన తొడ మీద పెట్టుకున్నాడు. మా ఇండ్లలో పెద్దోళ్ళు చిన్నోళ్ళ కాళ్ళు ముట్టుకుంటే చిన్నోళ్ళకు ఆయుస్సు తగ్గుతుందంటారు. నేను కాలు లాక్కోబోయినాను.

"అన్నా వద్దు, నా ఆయుస్సు తగ్గిపోతాది."

"నీ ఆయుస్సు నాకెందుకప్పా. కదలకుండా ఉండు" అన్నాడు.

సూది గుచ్చింది తెలీలేదు. ఆ చేతిలో ఏముండాదో నాకిప్పటికీ తెలీదు. తెగిన పోగును ముడి వేసే చెయ్యి కదా, ఎంత మెల్లగా పట్టాలో దానికి తెలుసు. రెండు కాళ్ళూ అయినంక, అందరికీ చేసినట్టే, వంగి నా పాదానికి నుదురు ఆనించినాడు. నామం పసుపు తడికి కరిగి నా కాలికి అంటింది. పందిట్లో అందరూ చూస్తా ఉండారు. మా ఇంటామె కొంగుతో కండ్లు తుడుచుకుంటా ఉండాది. నడిచొచ్చింది నేను, కాళ్ళు పుండ్లయింది నాకు. ఆమె ఏడ్చింది ఆయన్ను చూసి.

"ఇంక బస్సెక్కప్పా, దేవుడేం అనుకోడు" అన్నాడాయన. ఆ మాట విన్నంక బస్సెక్కేదెట్లా. ఆ కాళ్ళతోనే పుత్తూరు పోయినాను, తిరుపతి పోయినాను, మెట్లెక్కినాను. భక్తి కొంత, రోషం చానా. లైన్లో నిలబడి స్వామి ముందరికి పోయినప్పుడు ఏం మొక్కుకున్నానో చెప్పను. మీరు ఊహించుకోగలరు, అందులో మా ఇంటామె ఉండాది, ఆయన కూడా ఉండాడు.

గుండు కొట్టించుకోని ఇంటికొస్తే మా ఇంటామె తలుపు తీసి మొదట అడిగిన మాట, "బావకు లడ్డు వేరుగా తీసిపెట్టినావా?"

తీసిపెట్టినాను. తీసుకోనిపోయి ఇచ్చినాను. ఆయన దాన్ని కండ్లకద్దుకోని, వచ్చినోళ్ళకంతా చిటికెడు చిటికెడు పంచుతా, "మా తమ్ముడు నడిచి పోయి తెచ్చినాడు. నాచేత కాలేదు, వాడు చేసినాడు" అని ప్రతి ఒక్కరికీ చెప్పినాడు. విన్నోళ్ళు నన్ను మెచ్చుకుంటారనుకున్నాను. "సూడు, తన సడ్డకుణ్ణి ఎంత గొప్పగా చెప్తాడో, ఎంత మంచి మనసో" అని ఆయన్ను మెచ్చుకున్నారు.

ఆ తర్వాత ఆయనకు వయసు మీద పడింది. చూపు మందగించింది. చేతులు మాత్రం వణకలేదు, సూదిలో పోగు ఎక్కించడం ఒక్కటే కుదరలేదు. సూది పట్టుకోని, పోగు పట్టుకోని, అట్లే కూర్చునేవాడు, ఎవరినీ అడగకుండా. నేను పక్కన చేరి ఎక్కించిచ్చేవాణ్ణి. పెరటాసి నెలంతా అంగడి మా కొడుక్కు అప్పజెప్పి ఆడే ఉండిపోయేవాణ్ణి. వాడింది నా సూదులు కాదు, ఆయనవే, సన్నవి. చూసినోళ్ళు ఏమన్నారనుకుంటారు? "ఆయన చేసుకున్న పుణ్యం, ఇట్లాంటి తమ్ముడు దొరికినాడు." నేను చేసింది కూడా ఆయన చేసుకున్నదే.

పోవడం కూడా ఏకాదశి రోజే పోయినాడు. పొద్దున నీళ్ళు పోసుకోని, నామం పెట్టుకోని, దీపం పెట్టి, మగ్గం స్విచ్చి వెయ్యబోయి గోడకానుకోని కూర్చున్నాడంట. లేవలేదు. "ఏకాదశి, నేరుగా వైకుంఠమే" అన్నారందరూ. నన్నయితే ఏదో అమావాస్యకు, వానలో, కరెంటు లేనప్పుడు తీసుకోనిపోతారు. తొంభైకి దగ్గరగా బతికినాడు. దాంట్లో కొంత నా ఆయుస్సే, నాకు తెలుసు. నీ ఆయుస్సు నాకెందుకప్పా అన్నాడు గానీ, ముట్టుకున్నాడు కదా.

కర్మం రోజు భోజనాల దగ్గర నాకు జోకులు రాలేదు. అందరూ నావైపు చూసినారు, ఏదో ఒకటి చెప్తాడని. ఆకులు ఎత్తడం మొదలుపెట్టినాను. చేతులకు పని ఉండాల కదా.

ఈ పెరటాసిలో పందిరి వేయాలా వద్దా అని మాట వచ్చింది. మా వదిన లేచింది. లోపలికి పోయి ఆ పీట తెచ్చి నా ముందర పెట్టింది. ఎవరన్నా వద్దంటారేమో అని చుట్టూ చూసినాను. ఎవరూ అనలేదు.

మొదటి శనివారం పొద్దునే, ఒక తమిళ ముసలామె వచ్చింది. పీట మీద నన్ను చూసి నిలబడిపోయింది. "అంద అయ్యా ఎంగే?" అనింది. ఆ అయ్య యాడ అని. చెయ్యి పైకెత్తి ఆకాశం చూపించినాను. ఆమె రోడ్డు వైపు తిరిగి రెండడుగులు వేసింది. మళ్ళీ వచ్చి కూర్చోని కాలు ముందుకు పెట్టింది, నమ్మకం లేకుండానే.

నాకు ఆయన చెయ్యి లేదు. సూది దగ్గరికి పోతే ఆమె బిగుసుకోనింది. నాకు తెలిసిందొకటే కదా. "పాటీ, నేను ఆటో సీట్లు కుట్టేవాణ్ణి, నీ కాలికి పైపింగు కావాల్నా? ఎర్రదా, తెల్లదా?" అన్నాను, నాకొచ్చిన తమిళంలో. పాటీ అంటే అవ్వ. ఆమె పండ్లు లేని నోటితో నవ్వింది. ఆ నవ్వులోనే సూది ఈ పక్కనించి ఆ పక్కకు పోయింది. ఆమె చూసుకోలేదు. అయినంక వంగాల. పొట్ట అడ్డమొచ్చింది, అయినా వంగి నుదురు ఆనించినాను. ఆమె నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ పొద్దంతా అట్లే జరిగింది. ఎవరూ కాలు వెనక్కి లాక్కోలేదు. పందిట్లో ఎప్పుడూ లేనంత నవ్వు. మా ఇంటామె పొయ్యి దగ్గరనించి అంతా చూస్తానే ఉండాది. నేను కూడా ఆమె చూస్తా ఉండాదా లేదా అని చూస్తానే ఉండాను.

పొద్దు వాలినంక గుంపులు తగ్గినాయి. నడుము పట్టేసింది, చేతులనిండా పసుపు. ఆమె గంగాళంలో నీళ్ళు పారబోస్తా ఉండాది. ఇదే సమయం అనుకున్నాను.

"ఇప్పుడన్నా చెప్పు. మీ బావ కంటే నేను యాడ తక్కువ?"

"పనిలో ఏమీ తక్కువ లేదు. బాగానే చేసినావు" అనింది.

పీట ఆమె వైపుకు జరుపుకున్నాను. "అయితే 'మా బావ మాదిరి' అని ఒక్కసారి అను."

"ఎట్లంటాను?" అని గంగాళం బోర్లించింది. "మా బావకు అంత పుణ్యం కాళ్ళు పట్టినందుకు వచ్చిందనుకుంటా ఉండావా? ఇన్నేండ్లూ నిన్ను సడ్డకునిగా భరించినాడు, అందుకొచ్చింది. నీకు రావాలంటే నీ మాదిరోడు నీకొక సడ్డకుడు ఉండాల. ఏం చేసేది, మా నాయనకు మూడో కూతురు లేదు."